తాయికి తల్లిగారి చీర

సుశీలాతాయి ఇక లేరు. గత మంగళవారం ప్రాతఃకాలాన నాందేడ్‌లోని తన ఇంట్లో నిద్రలోనే ఆమె శ్వాస ఆగిపోయింది. ముందు రోజు సాయంత్రం మా ఆసుపత్రి ప్రసూతి వార్డులో నాతో చాయ్ తాగి, "రేపు జల్దొస్త. ఆ మూడో మంచం పిల్ల ఇంకా బెదురు బెదురుగనే ఉన్నది" అని చెప్పి వెళ్లిన మనిషి. వార్త విన్నప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. చేతిలోని ట్రే ఎక్కడ పెట్టానో ఇప్పటికీ జ్ఞాపకం రావడం లేదు.

మర్నాడు ఒక పత్రికలో సంతాపవార్త వచ్చింది. దివంగత ఆమ్దార్ సాబ్, అంటే తాయి తండ్రి, మా పాత ఎమ్మెల్యేగారి ఫోటో ఇంత పెద్దది, పక్కన తాయి ఫోటో తపాలా బిళ్లంత. శీర్షికలో ఆయన పేరే ఉంది, ఈమె పేరు ఆఖరి వాక్యంలో వచ్చింది. నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. ఏ పేరు నీడ నుంచి బయటపడాలని ఆమె జన్మంతా పెనుగులాడారో, చివరికి ఆ నీడలోనే పడుకోబెట్టారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తాయి అంటే మరాఠీలో అక్క. మాకు మాత్రం ఆమె మొదట గురువు. నేను మాండవి బడిలో చదువుకునే రోజుల్లో ఆమె ఉపాధ్యాయినిగా వచ్చారు. ఆమ్దార్ గారి కూతురు వస్తోందని హెడ్ మాస్టరు బడికి తోరణాలు కట్టించారు. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం శాలువా కప్పి కొబ్బరికాయ చేతికిచ్చారు. తాయి ఆ శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, కాయ కొట్టించి మాకు ముక్కలు పంచారు. "ఈ కొబ్బరికాయ మా నాయనకిచ్చిండ్రు, తినుండ్రి. నేను జెప్పే పాఠం మాత్రం నాది. అది బాగలేకుంటె మొఖం మీదనే చెప్పుండ్రి" అన్నారు. మరాఠీ పుస్తకం ముందేసుకుని మాకు తెలుగులో అర్థం చెప్పేవారు. ఆ పద్ధతి లేకపోతే నేను నర్సును అయ్యేదాన్ని కాదు.

మూడేళ్లయినా నిండకుండానే ఆమె బడి వదిలేశారు. బిడ్డ అడవి పల్లెలో కష్టపడుతోందని ఆమ్దార్ సాబ్ మనసు కరిగి, ఆమెతో ఒక్క మాటైనా అనకుండా నగరానికి బదిలీ చేయించారు. ఆయన ప్రేమలో లోపం లేదు. కానీ ఆ ఉత్తర్వు అందిన రోజే తాయి రాజీనామా రాసిచ్చారు. "నాయనా, నువ్వు నాకు కొత్త ఊరియ్యలే, ఉన్న బడి గుంజుకున్నవ్" అని తండ్రితో అన్నారట. ఈ సంగతి తాయి తమ్ముడు మాధవరావు గారు నాతో చెప్పారు.

తరువాత ఉమ్రిలో భర్తతో కలిసి నూనె మిల్లు, ఇక్కడి మాటలో గిర్ని, పెట్టారు. అప్పటికే ఆమ్దార్ సాబ్ కాలం చేశారు. ఎన్నికల్లో నిలబడమని పార్టీ పెద్దలు జీపుల్లో ఆ గిర్ని ముందుకే వచ్చారు. నూనె చేతులు తుడుచుకుంటూ తాయి ఇచ్చిన జవాబు ఉమ్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు: "ఓట్లు మా నాయన మొఖం జూసి ఏస్తరు. నూనె బాగలేకుంటె మాత్రం నా మొఖం మీదనే పోస్తరు. నాకు గదే మంచిగున్నది." ఆ టికెట్టు తమ్ముడికి వెళ్లింది. గిర్ని నడవలేదు, మూతపడింది. దాన్ని గురించి ఎవరైనా జాలిపడితే ఆమెకు నచ్చేది కాదు. "నేనే ముంచిన. దాంట్ల నాయన చెయ్యి లేదు" అని గర్వంగా చెప్పేవారు. నష్టాన్ని అంత ఠీవిగా చెప్పుకున్న వారిని నేను మరొకరిని చూడలేదు.

మాహూర్ రేణుకామాత జాతరలో కొన్నేళ్లు మైకు దగ్గర కూర్చున్నారు. తెలంగాణ నుంచి వచ్చి తప్పిపోయినవారి కోసం తెలుగులో ప్రకటనలు చేయడం ఆమె పని. ఒకసారి నిర్వాహకుడొకాయన ఆమెను ఫలానా ఆమ్దార్ గారి సుపుత్రిక అంటూ పరిచయం చేయబోతే మైకు లాక్కుని, "తప్పిపోయినోళ్లకు నేనెవలి బిడ్డనో ఎందుకయ్యా, వాళ్ల బిడ్డలేడున్నరో చెప్పాలె" అన్నారు. కొండ మీదా కింది బజారులోనూ ఆ మాట వినిపించి జనం నవ్వారు.

భర్త పోయాక ఆమె నాందేడ్‌లో స్థిరపడి, మా ఆసుపత్రికి తనంతట తానుగా వచ్చారు. జీతం లేదు, హోదా లేదు. సరిహద్దు పల్లెల నుంచి వచ్చే మన తెలుగు ఆడవాళ్లకు ఒక అలవాటుంది. డాక్టరు మరాఠీలో ఏమడిగినా "హో, హో", అంటే అవునవును, అంటారు. అర్థం కాలేదంటే డాక్టరు చిన్నబుచ్చుకుంటాడని వారి మర్యాద. నాకు తెలుగు వచ్చినా నా యూనిఫాం చూసి నాతోనూ అంతే. తాయి మంచం పక్కన స్టూలు వేసుకుని, ముందు ఊరి సంగతులు, వానల సంగతులు అడిగి, ఆ తరువాత అసలు మాటకు వచ్చేవారు.

మాండవి వైపు నుంచి పోశవ్వ అనే ఆమె కూతుర్ని కాన్పుకు తెచ్చింది. వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. పొద్దుటి నుంచి కడుపు ఖాళీయేనా అని డాక్టరు మరాఠీలో అడిగితే ఆ పిల్ల "హో" అంది. తాయికి ఎందుకో అనుమానం వచ్చింది. "బిడ్డా, అమ్మ ఇంత అంబలన్న తాపకుండ తోలుకొచ్చిందా?" అని అడిగారు. "రెండు గిలాసలు తాగిన. తాపకుంటె తనకు మాటొస్తదని అమ్మనే తాపింది..." అని పిల్ల గొణిగింది. నిండు కడుపున మత్తిస్తే ప్రాణం మీదికి రావచ్చు; మత్తు ఇచ్చే డాక్టరు చేతిలోని సూది పక్కన పెట్టి జాగ్రత్తలన్నీ మార్చుకున్నారు. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్లారు.

ఆ సాయంత్రం నేను తాయిని పొగిడాను. ఆమె చెయ్యి ఊపేశారు. కాసేపటికి మెల్లగా, "మా ఇంట్ల పెట్టె నిండ శాలువలున్నయి. అన్ని నాయనకు కప్పినయే, నాకు కప్పినయి గూడ నాయన కోసం కప్పినయే. చచ్చేలోపల ఒక్క బట్టన్న నా సంపాదనది నా మీద పడాలె పిల్లా" అన్నారు. ఆమె గొంతులో అంత దైన్యం నేను అంతకు ముందెన్నడూ వినలేదు.

అంత్యక్రియల నాడు వాకిలి నిండా కార్లు. నాయకులు శాలువాలు, పూలచక్రాలు తెచ్చారు. పోయిన ఆడమనిషికి ఆఖరి చీర తల్లిగారింటి నుంచి రావడం మన ఆచారం. మాధవరావు గారు పట్టుచీర పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు పోశవ్వ గుంపును తోసుకుంటూ వచ్చింది. చేతి సంచిలో ఒక నూలు చీర ఉంది.

"అయ్యా, నేను గూడ చీర పెడ్త" అంది.

మాధవరావు గారు నెమ్మదిగా, "అవ్వా, తల్లిగారోళ్లు పెట్టాలె. నువ్వు మా నాయన ఎరుకనా? ఆమ్దార్ సాబ్ మనిషివా?" అని అడిగారు.

"ఏ ఆమ్దారయ్యా? నాకెరుక లేదు. నాకు తాయి ఎరుక. నా బిడ్డను నాకు మల్ల ఇచ్చింది. గందుకు నేను ఆమెకు తల్లిగారిదాన్నే."

మాధవరావు గారి కళ్లు నిండాయి. ఆయన తన పట్టుచీర తాయి పాదాల దగ్గర పెట్టి పక్కకు జరిగారు. "మీదికి నీదే కప్పు, అవ్వా" అన్నారు.

వాత్సల్యమూర్తి, స్వాభిమానవతి అయిన మా తాయి లేని లోటు పూడ్చరానిది. నిన్న మూడో మంచం మీది పిల్ల డాక్టరు అడిగినదానికల్లా "హో" అంటూనే ఉంది. నేను స్టూలు దగ్గరికి లాక్కున్నాను, మీ ఊర్లో వానలు పడ్డాయా అని తెలుగులో అడిగాను. నా యూనిఫాం వైపు చూసి ఆ పిల్ల "హో" అంది. తాయీ, మీ పాదాలకు నమస్కారం. మీరు మీ సంపాదన కప్పుకునే వెళ్లారు. మేమే ఎవరూ లేనివాళ్లమయ్యాం.