అక్క తెచ్చుకున్న కోర్టు కాగితం

మా పక్కింటి అక్కను ఆమె మొగుడు చంపినాడు. గురువారం తెల్లారి, పడవలు ఒడ్డుకొచ్చే వేళ, గంప తీసుకొని చేపలు కొనేదానికి పోతుంటే దారి కాచి పొడిచినాడు. చంపింది అతను, చంపేదానికి వీలిచ్చింది మా స్టేషన్. ఈ మాట రాసేదానికి నాకు భయం లేదు. సిగ్గు మాత్రం ఉంది. ఎందుకో చెపుతాను.

అక్కను తమిళనాడులో ఇచ్చినారు. దెబ్బలు తిని తిని, చివరికి అక్కడి కోర్టుకు పోయి, మొగుడు తన దగ్గరికి రాకూడదని రక్షణ ఉత్తర్వు తెచ్చుకొని, పుట్టిన పాలేనికి వచ్చేసింది. పొద్దున చేపలమ్మేది. మంచి చేప ఒకటి పక్కన పెట్టి, "ఇది అమ్ముడు పోలేదత్తా" అని మా అమ్మకిచ్చేది. మధ్యాహ్నం నేను రాసే కరపత్రాలు నా చేతే చదివించుకొనేది. నేను గొంతు పెంచితే నవ్వేది: "మెల్లగా చదువు అబ్బయ్యా, కోళ్లు బెదిరిపోతున్నాయి."

అతను మా ఊళ్లో కనిపించిన రోజే ఇద్దరం స్టేషన్‌కి పోయినాం. ఎస్సై గారు కాగితం తిప్పి చూసినారు.

"ఇది తమిళనాడుది. అక్కడి పోలీసులకు చెప్పుకో పోమ్మా."

"దేశమంతా చెల్లుతుంది సార్, చట్టంలోనే ఉంది" అన్నాను.

"నువ్వేమన్నా లాయరువా?"

బల్ల గుద్దినాను. బయటికి నెట్టినారు. నేనొస్తే పని చెడుతుందని ఆ తర్వాత అక్క ఒక్కతే పోయేది.

మొదటి రోజు స్టేషన్ నుంచి తిరిగొచ్చే దారిలో అక్క అడిగింది: "మన కాపు దురాయి వేస్తే పక్క పాలేలోళ్లు కూడా కట్టుబడతారు గదా. జడ్జమ్మ సంతకం తడ సరిహద్దు దాటితే చెల్లదా?"

దురాయి అంటే మా సముద్రపు పాలేల్లో కాపు, అంటే కులపెద్ద, వేసే కట్టడి. పెద్దకాపు తనే ఆ మాట ఎత్తినాడు: "అల్లుడైతే ఏంది? ఏ పాలెంలోనూ కాలు పెట్టకుండా వాడికి దురాయి వేద్దాం." వేసుంటే అతను మళ్లీ వచ్చినప్పుడు బస్సు దిగిన చోటే ఆపేవాళ్లు. అడ్డం పడింది నేను. కులపెద్దల తీర్పులు తప్పని చదివినాను గదా. "చట్టముండగా ఈ పాత పద్ధతులెందుకు?" అని నలుగురిలో అరిచినాను. పెద్దాయన ఆ మాట అంతటితో వదిలేసినాడు. అక్క నా వైపు చూసి, "అబ్బయ్య చదువుకున్నోడు, వాడి మాటే చూద్దాంలే" అంది.

చట్టం తప్పు కాదని ఇప్పటికీ అంటాను. నడిపించాల్సిన వాళ్లు నడిపించలేదు. కానీ వాళ్లు నడిపిస్తారని ఆమెకు మాటిచ్చింది నేను.

సోమవారం పొద్దున పది గంటలకు స్టేషన్ ముందుకు రండి. "రేపు రా" అని అక్కను తిప్పింది ఆ వేళకే. ఏ రాష్ట్రం కోర్టు ఇచ్చినా సరే, రక్షణ ఉత్తర్వును ఇక్కడ అమలు చేస్తామని రాసివ్వమని అడుగుదాం. కేకలు వద్దు. ఇది ముందు నాకు నేను చెప్పుకుంటున్నాను. అక్కడ సిమెంటు బెంచీ ఒకటుంది. చేపల వాసన అంటుతుందని అక్క దాని మీద కూర్చునేది కాదు. గోడ వారన కింద కూర్చొని, కుచ్చిళ్లు ఒడిలోకి లాక్కొని, పిలుస్తారేమోనని తలుపు వైపే చూస్తా ఉండేది. మనమూ కిందే కూర్చుందాం.