చక్రాలు కడుక్కుని లోపలికి

ఆ శనివారం దిల్‌సుఖ్‌నగర్‌లోని మా పారాయణ మందిరంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నదాన్ని లేవబోతే, పాదాలు నేలకు ఆనినట్టే తెలియలేదు. తిమ్మిరి అనుకున్నాను. పక్కన కూర్చునే లక్ష్మి నవ్వింది. "జర ఆగక్కా, రక్తం దిగనియ్యి."

ఇల్లు చేరేసరికి మొద్దుబారడం నడుము దాకా వచ్చింది. తెల్లారేసరికి మూత్రం ఆగిపోయింది. మావారు ఎల్‌బీ నగర్‌లో ఓ ఆసుపత్రికి తీసుకెళ్లారు. వెన్నుకు ఎంఆర్ఐ తీశారు, లంబార్ పంక్చర్ చేసి వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. న్యూరాలజిస్టు నెమ్మదిగా చెప్పింది: "ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అమ్మా. స్పైనల్ కార్డ్‌లో ఇన్‌ఫ్లమేషన్, అంటే వెన్నుపాములో వాపు. స్టెరాయిడ్స్ మొదలుపెడదాం. కాళ్లు ఎంతవరకు తిరిగొస్తాయో ఇప్పుడే చెప్పలేను."

స్టెరాయిడ్ల తర్వాత రక్తంలోని ప్లాస్మాను మార్చే ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ చేశారు. కుడి బొటనవేలు కదిలింది. అంతలో యూరిన్ ఇన్‌ఫెక్షన్, జ్వరం, మళ్లీ అడ్మిషన్. ఆపైన కోలుకోవడం ఆ బొటనవేలి దగ్గరే ఆగిపోయింది.

ఫిజియోథెరపిస్టు నడక మాట ఎత్తలేదు. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి నా అంతట నేను మారడం నేర్పాడు. "ముందు బ్రేకు వెయ్యండి మేడమ్, తర్వాత దేవుణ్ని తలుచుకోండి" అనేవాడు.

ఇంటికొచ్చాక మా పారాయణ బృందం ప్రతి శనివారం మా హాల్లో కూర్చుని నా కాళ్ల కోసం పారాయణం చేసేది. వాళ్ల ప్రేమకు లోటు లేదు. కానీ ఏళ్లుగా మందిరంలో మొదటి పంక్తి ఎత్తుకునేది నేను, మిగతావారు అందుకునేవారు. ఇప్పుడు చదివే మనిషిని కాక, ఎవరి కోసం చదువుతారో ఆ మనిషినయ్యాను. మళ్లీ అక్కడ కూర్చుని చదవాలి. అప్పట్లో నేను కోరుకున్నది అదొక్కటే.

ఓ శనివారం మా హాల్లో పారాయణం అయ్యాక, మందిరం చూసుకునే యాదగిరి బాబాయ్‌ని వీల్‌చైర్‌లో అక్కడికి రావచ్చా అని అడిగాను.

"కాళ్లు మంచిగైనంక ఒస్తవులే బిడ్డా. అందరం మొక్కుతున్నం గద."

"కాకపోతేనో?"

"గా మాటనకు. నమ్మకం లేదా ఏంది?"

"నమ్మకం ఉంది బాబాయ్. మెట్లూ ఉన్నాయి."

మావారు కల్పించుకుని, "కుర్చీతో సహా ఎత్తుకొచ్చేస్తామండీ, ఊరేగింపులా ఉంటుంది" అన్నారు. వద్దన్నాను. ఎత్తించుకుని వచ్చిన మనిషి, దింపేవాళ్లకు తీరిక దొరికేదాకా అక్కడే ఉండాలి.

బాబాయ్ "సరే, మెట్ల మీద చక్రాలెక్కనీకి పలక ఏపిస్త. గానీ గా చక్రాలు రోడ్ల మీద తిరిగినయి. చెప్పులతోని లోపలికొచ్చినట్టే గద?" అన్నాడు.

ఆచారం తెలిసినదాన్ని, ఆయన్ని తప్పుపట్టలేను. లక్ష్మే అందుకుంది.

"మన కాళ్లు మాత్రం గాల్లో తిరిగొస్తున్నయా బాబాయ్? నల్లా కాడ కడుక్కుని లోపలికి పోతలేమా? గివి గూడ గట్లనే కడుగుదాం."

ఆయన కుర్చీని కిందికీ పైకీ చూశాడు. "ముంగటి చిన్న చక్రాలు గూడ కడగాలె మల్ల. తుడవాలె. లోపలంత తడైతది."

ఆ మాటతో అనుమతి వచ్చినట్టయింది.

మొదటి రోజు ద్వారం దగ్గర కుర్చీ ఇరుక్కుంది. ఒక రెక్కే తెరిచి ఉంది; రెండో రెక్క గడియ తుప్పుపట్టి ఏళ్లుగా తెరవలేదట. నూనె పోసి, సుత్తితో కొట్టి తీశారు. అందరూ నేల మీద, నేను కుర్చీలో. మొదటి పంక్తి నేనే ఎత్తుకున్నాను.

ఇప్పటికీ నడవలేను. మూత్రానికి కెథెటర్, ఫిజియోథెరపీ నడుస్తూనే ఉన్నాయి. నడక కోసం స్వామిని రోజూ అడుగుతాను. అది ఆయనా నేనూ చూసుకుంటాం. మెట్లూ తలుపులూ మనుషులు పెట్టినవి, కాబట్టి వాటి గురించి మనుషులనే అడుగుతాను. పలక వేశాక మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇద్దరు మళ్లీ రావడం మొదలుపెట్టారు. వాళ్లెందుకు మానేశారో అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

నాలాంటివారికి ఒక్క సలహా. వీల్‌చైర్ కొనేముందు బాత్రూమ్ తలుపు వెడల్పు కొలవమని ఆసుపత్రిలో చెబుతారు. తప్పకుండా కొలవండి. మీకు ఎక్కడికి వెళ్లాలని మనసవుతోందో, అక్కడి తలుపు కూడా అదే రోజు కొలిపించండి.