నర్సు ఆంటీ అడిగిన వరుస

నర్సు ఆంటీ పోయారన్న కబురు మంగళవారం పొద్దున చర్చి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అప్పుడు నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. మెసేజ్ చదివాను. నా వంతు రాగానే నిన్న ఏం చేశానో, ఇవాళ ఏం చేయబోతున్నానో చెప్పాను. కాల్ అయ్యాక కుర్చీలోంచి లేవకుండా చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. నాకు అంత త్వరగా రాదు.

ఇర్వింగ్‌లో మా తెలుగు చర్చికి వచ్చే వాళ్ళందరికీ ఆవిడ నర్సు ఆంటీయే. సొంతూరు నరసాపురం దగ్గర. బ్రిటన్‌లో ప్రభుత్వాసుపత్రి వార్డులో పద్దెనిమిదేళ్ళు పనిచేశారు. అంకుల్ ఉద్యోగం మారడంతో టెక్సస్ వచ్చి, ఇక్కడ ఇంకో పన్నెండేళ్ళు చేశారు. బ్రిటన్‌లో అలవాటైనట్టు టీలో ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు పోసుకోవడం మాత్రం మానలేదు. అంకుల్ దాన్ని టీ అని ఒప్పుకునేవారు కాదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరం పులిహోర, కోడికూర వడ్డించుకుంటుంటే ఆవిడ చివరి టేబుల్ దగ్గర కూర్చునేవారు. ఇన్సూరెన్స్ కవర్లు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వచ్చేవారు. వీసా మీద ఉన్న మాలాంటి వాళ్ళకి ఒక జబ్బుంది. ఆసుపత్రి పేరుతో ఏ కాగితం వచ్చినా, బాకీ ఉంటే గ్రీన్‌కార్డుకి అడ్డొస్తుందేమోనని, ఇన్సూరెన్స్ వాళ్ళు తమ వాటా తేల్చకముందే మొత్తం కట్టేస్తాం. నేనూ అలాగే కట్టాను. ఆవిడ ఆ కాగితం తీసుకుని, ‘ఇది బిల్లు కాదు’ అని అచ్చేసి ఉన్న లైను కింద పెన్నుతో గీత గీశారు.

“ఇంజనీర్‌వి కదా అబ్బాయ్, చదవడం రాదా?” అన్నారు.

పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చేయించారు. కట్టింది వెనక్కి రావడానికి మూడు నెలలు పట్టింది. ఆవిడ మాట కటువు, దానికి కొందరు నొచ్చుకునేవారు కూడా. ఎవరైనా మోకాలి నొప్పికి ప్రార్థన చేయించుకుంటే, ఆమెన్ అనగానే “ప్రార్థన చేశాం సరే, అపాయింట్‌మెంట్ తీసుకున్నావా?” అని అడిగేవారు.

నాలుగేళ్ళ క్రితం మా కంపెనీ నాకు మాంచెస్టర్ ఆఫీస్‌లో ఉద్యోగం ఇస్తామంది. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు, ఆస్తమా. నా భార్య వెళ్ళిపోదామంది. నేను ఎక్సెల్ షీట్ వేశాను. ఒక పక్క టెక్సస్: ఫెడరల్ టాక్స్ ఇంత, రాష్ట్రానికి కట్టే ఇన్‌కమ్ టాక్స్ సున్నా, నెలనెలా ప్రీమియం, ఇన్సూరెన్స్ వాళ్ళు ఇవ్వడం మొదలుపెట్టేలోపు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన డిడక్టబుల్. ఇంకో పక్క బ్రిటన్: ఇన్‌కమ్ టాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్, ఇంటికి కౌన్సిల్ టాక్స్, కొన్న వాటి మీద వ్యాట్. వైద్యం అన్న చోట ‘ఫ్రీ’ అని రాశాను. అది పట్టుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

“ఫ్రీ అనకు, ముందే కట్టింది అను. మీలాంటోళ్ళ దగ్గర వీసాతో పాటు వైద్యానికని విడిగా కూడా కట్టించుకుంటారు. అక్కడ జీతం కోసి చేతికిస్తారు. ఇక్కడ చేతికిచ్చి, ఒంట్లో బాగోనప్పుడు కోస్తారు.”

రాసుకున్నాను. బ్రిటన్‌ని వెనకేసుకొస్తున్నారనుకునేలోపే, వాళ్ళన్నయ్య అక్కడ తుంటి ఆపరేషన్ కోసం ఏడాది దాటి కుంటుతూ ఎదురుచూసిన సంగతి చెప్పారు. “డబ్బు బదులు రోజులు కడతాం అక్కడ” అన్నారు. అదీ రాసుకున్నాను.

తర్వాత షీట్ మొత్తం పైనుంచి కిందికి చూసి, “ఇందులో ఒక వరుస లేదు” అన్నారు.

“ఏది ఆంటీ?”

“పిల్లకి ఆయాసం వస్తే, బయల్దేరే ముందు నువ్వు ఎన్ని నిమిషాలు ఆలోచిస్తావు? అక్కడెంత, ఇక్కడెంత? ఆ వరుస కూడా చేర్చు.”

నా భార్య చెప్పేసిందని అర్థమైంది. అంతకు ముందు నెలలో ఒక శనివారం మధ్యాహ్నం పిల్ల ఊపిరందక భుజాలు ఎగరేస్తుంటే, ఏ ఆసుపత్రి మా ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉందో, అంటే ఎక్కడ బిల్లు తక్కువ పడుతుందో యాప్‌లో వెతుకుతూ నలభై నిమిషాలు గడిపాను. దగ్గర్లోది లేదని తేలితే దూరంగా ఉన్నదానికి డ్రైవ్ చేశాను. ఇంకాస్త ముందు తేవాల్సిందని డాక్టర్ అన్నాడు. నేను మంచి తండ్రిననే అనుకుంటూ చేసిన పని అది.

“ఎమర్జెన్సీకి నెట్‌వర్క్ చూడక్కర్లేదు, చట్టం ఉంది. నీకు తెలీలేదు, సరే. తెలిసినా చూసేవాడివి” అన్నారు ఆంటీ. తిట్టినట్టు లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

మేం బ్రిటన్ వెళ్ళలేదు. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న చోటు వదులుకోబుద్ధి కాలేదు. ఆవిడ వెళ్ళమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. “ఎక్కడున్నా ఆ నలభైని సున్నా చెయ్యి” అన్నారంతే.

సమాధి దగ్గర అంకుల్ నా చెయ్యి పట్టుకుని జరిగింది చెప్పారు. “వంటింట్లో నిలబడి గుండె పట్టేసిందంది. నేను కారు తీస్తానంటే వద్దని, అంబులెన్స్‌కి తనే ఫోన్ చేసింది బాబూ. నిమిషం కూడా ఆలోచించలేదు. అయినా మూడో రోజున పోయింది.”

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. చెయ్యాల్సింది చెయ్యాల్సిన వేళకి చేసిన మనిషి ఆవిడ. ఆవిడ లేని లోటు నాకు ఆ కోపంలోనే తెలిసింది.

పోయిన శనివారం మా అమ్మాయికి సాకర్ ఆడుతుండగా ఆయాసం వచ్చింది. ఇన్‌హేలర్ పీల్చినా తగ్గలేదు. దానికిప్పుడు పదేళ్ళు. నేను ఫోన్ తీయలేదు. కార్‌లో కూర్చోబెట్టి దగ్గరున్న ఆసుపత్రి వైపు తిప్పాను. నిమిషం కూడా పట్టలేదు, ఆంటీకి చెప్పాలనిపించింది.

వెనక సీట్లోంచి అడిగింది. “డాడీ, ఇది ఇన్-నెట్‌వర్క్ ఆ?”

“చూడలేదమ్మా. చూడక్కర్లేదు.”

“చాలా మనీ అవుతుంది కదా. ఐ యామ్ ఓకే. నేను వెయిట్ చేస్తా” అంది.

అద్దంలో చూశాను. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, కిటికీ వైపు తిరిగి, నాకు వినపడకుండా ఊపిరి తీసుకోవాలని చూస్తోంది.