దశాంశాల పెదనాన్న

మా పెదనాన్న ఏ మనిషినీ పూర్తిగా ఒకటి అని ఒప్పుకునేవాడు కాదు. దేశంలో సైన్సు, టెక్నాలజీ పనివాళ్లు ఎంతమందో తేల్చే సెక్షన్‌కు ఆయన అధికారి. అక్కడ తలలు లెక్కపెట్టరు, గంటలు లెక్కపెడతారు. రోజులో సగంసేపు పరిశోధన చేసేవాడు సగం శాస్త్రవేత్త. ఈ సూత్రాన్ని ఆఫీసులో వదిలేసి వస్తే గొడవే ఉండేది కాదు.

మా చెల్లెలు తనకు నచ్చిన కుర్రవాణ్ని ఇంటికి తెచ్చి, శాస్త్రవేత్త అని పరిచయం చేసింది.

"పరిశోధన రోజుకి ఎన్ని గంటలు, బాబూ?"

"రెండండి. మిగతా ఆరూ మీటింగులే."

"అయితే పావు," అని రాసుకున్నాడు. పెద్దమ్మ తల పట్టుకుంది.

"మరి నేనెంతో?"

"పెరుగు తోడుపెట్టడం ప్రయోగమే. కానీ ఫలితాలు రాసిపెట్టవు. సున్నా."

వారం రోజులు పెరుగు లేకుండా తిన్నాడు గాని అంకె మార్చలేదు.

నేను ఆయన దగ్గరే గుమాస్తాను. ఒకసారి ఓ పరిశోధనశాలను లెక్కించడానికి వెళ్లాం. డైరెక్టరుగారు రోజుకు ఇరవైనాలుగు నిమిషాల సైన్సుతో ఇరవయ్యో వంతు తేలి, ఆముదం తాగిన మొహం పెట్టారు. అసలు చిక్కు సీసాలమ్మతో వచ్చింది. కాగితాల మీద ఆమె సీసాలు కడిగే అటెండరు. వచ్చే నెల అటెండర్లందర్నీ తీసేస్తున్నారు. నిజానికి ద్రావణాలు కలిపేదీ, సున్నితపు త్రాసులు సరిచేసేదీ ఆమే. సాంకేతిక పని సగం ఉందని తేలితే టెక్నీషియన్ల జాబితాలో చేరి ఉద్యోగం నిలబడుతుంది.

పెదనాన్న మూడు రోజులు గడియారం పట్టుకుని ఆమె వెనకే తిరిగాడు. మొత్తం ఇరవైనాలుగు పనిగంటల్లో సగం, పన్నెండు గంటలు కావాలి. పన్నెండు నిమిషాలు తగ్గాయి. ఇక మిగిలింది కడగాల్సిన సీసాలే.

"పోనీలెండి సార్, నా రాతే అంత," అందామె.

"పన్నెండు నిమిషాలేగా పెదనాన్నా, వేసేద్దాం," అన్నాను.

"వేసెయ్యడానికి ఇదేమన్నా గోడకి సున్నమట్రా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మాత్రం కుర్చీ లాక్కుని త్రాసు ముందు కూర్చున్నాడు.

"అమ్మా, ఇది సరిచేయడం నాకు బొత్తిగా తెలీదు. కాస్త నేర్పుతారా?"

ఆమె తడి చేతులు తుడుచుకుని మొదలుపెట్టింది. ఆయన రెండుసార్లు తప్పు చేశాడు. "బరువుల్ని వేళ్లతో ముట్టుకోకండి సార్, చెమట కూడా తూగుతుంది," అని కసిరింది. బుద్ధిగా తలూపాడు. పద్నాలుగు నిమిషాలయ్యాక గడియారం చూసి, "నేర్పడం కూడా సాంకేతిక పనే, తొమ్మిదో నిబంధన," అంటూ ఆమెను టెక్నీషియన్‌గా రాసేశాడు.

బస్సెక్కాక నాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది.

"పెదనాన్నా, తూనికలు కొలతల శాఖలో పదేళ్లు త్రాసులు తనిఖీ చేసింది నువ్వే కదూ?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"నేర్చుకునేవాడికి ముందే తెలిసుండకూడదని నిబంధనల్లో ఎక్కడుందిరా?"