ఏం వ్యాపారమని ఎవరూ అడగలేదు

మా బాపుకు ఆస్పత్రి అంటే భయం లేదు గానీ, ఆస్పత్రికి వేసుకుపోయే చొక్కా గురించి మహా పట్టింపు. ఇస్త్రీ మడత నలగకూడదు, చెవి వెనక కాస్త అత్తరు ఉండాలి. మీరేం చేస్తారని ఎవరైనా అడిగితే గొంతు సవరించుకుని "కారోబార్" అనేవాడు, వ్యాపారమని. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. బ్యాంకులో అదే మాట, రేషన్ ఆఫీసులో అదే మాట, నన్ను మెడికల్ కాలేజీలో చేర్పించిన రోజున కూడా అదే మాట. ఆ కారోబార్ ఏమిటంటే, మొఘల్‌పురాలో మా ఇంటి వెనక రేకుల కొట్టం, అందులో బర్రెలు. తాతల నాటి నుంచి గల్లీ గల్లీకీ పాలు పోసి బతికిన కుటుంబం మాది. ఇంట్లో అందరం దాన్ని కారోబార్ అనే పిలిచేవాళ్లం, అదేదో అత్తరు దుకాణం అయినట్టు.

నేను ఎంబీబీఎస్ చివరి ఏడాదిలో ఉండగా బాపుకు జ్వరం పట్టుకుంది. వచ్చేది, కొన్నాళ్లుండేది, పోయేది. పోయిందని అమ్మ మొక్కు తీర్చుకునేలోపే మళ్లీ వచ్చేది. సాయంత్రమయ్యేసరికి బనీను పిండితే నీళ్లు కారేంత చెమట. మా గల్లీ డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు, మా దగ్గర పట్టిన జ్వరం వదలకపోతే దాని పేరు టైఫాయిడే. మాత్రలు వేసుకుంటే తగ్గింది కూడా. రెండోసారి వచ్చినప్పుడు "మర్లవెట్టింది", అంటే తిరగబెట్టింది, అన్నాడు, మూడోసారీ అదే అన్నాడు.

ఇంట్లో డాక్టరు చదివే పిల్ల ఉంది కదా, నన్నేమైనా అడిగారా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. అమ్మకు తన వైద్యం తనకుంది. జ్వరం తగ్గి బాపు లేచి కూర్చున్న ప్రతిసారీ, బలం రావాలని పొద్దున్నే గ్లాసెడు గుమ్మపాలు పట్టించేది. గుమ్మపాలంటే పొదుగు నుంచి అప్పుడే పిండిన, నురగ కూడా చల్లారని పచ్చిపాలు. పొయ్యి మీద పెడితే సత్తువంతా ఆవిరైపోతుందని మా ఇంటి సిద్ధాంతం. వాడుకవాళ్లు కాచుకుని తాగితే వాళ్ల ఖర్మ, మేము మాత్రం అలాగే తాగేవాళ్లం.

తర్వాత నడుం నొప్పి మొదలైంది. బర్రెను పిండాలంటే గొంతుకూర్చుని, మోకాళ్ల మధ్య బకెట్ ఇరికించుకుని కూర్చోవాలి. ఒకరోజు పొద్దున బాపు సగం కూర్చుని, అక్కడే ఆగిపోయి, గోడ పట్టుకున్నాడు. అరవలేదు. నుదుటి మీద చెమట మాత్రం బొట్లు బొట్లుగా కారింది. ఆ మనిషిని అలా వంగిపోయి ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి. అమ్మ బకెట్ అందుకుంది గానీ చేయి మారితే బర్రె చేపదు, పాలు వదలదు. సగం పాలు కూడా రాలేదు.

ఎముకల డాక్టరు స్కాన్ తీయించాడు. వెన్నుపూసలు రెండు పాడయ్యాయని, చూస్తుంటే టీబీలా ఉందని అన్నాడు. మన దేశంలో అలాంటి వెన్నెముక కనిపిస్తే ఏ డాక్టరైనా ముందు అనేది అదే. సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చేద్దాం, లేదంటే నేరుగా మందులు మొదలుపెడదాం, ఏడాదికి తక్కువ కాదు, ఈలోగా వంగే పనీ బరువు పనీ బంద్ అన్నాడు. ఆలోచించుకుని సోమవారం రమ్మన్నాడు. బాపు ఆలోచించుకున్నాడు. ఇంటికి రాగానే ఫలక్‌నుమా అవతల ఉండే పశువుల బేరగానికి ఫోన్ చేసి, ఆదివారం వచ్చి బర్రెలను చూసుకోమన్నాడు.

"అన్నీ అమ్ముతవా బాపూ?" అన్నాను.

"పిండనీకి నడుమే లేకపాయె, ఉంచుకొని ఏం జెయ్యాలె? నీ సదువుకైతే ఎట్లనన్న ఎల్లదీస్త. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఫికర్ చెయ్యకంటే చెయ్యకుండా ఉంటామా. నాకు అందరి మీదా కోపం వచ్చింది. బేరగాడి మీద, స్కాన్ మీద, అన్నిటికన్నా ఎక్కువగా నా మీద. అన్నేళ్లు చదివి, సొంత బాపు విషయంలో మరొకరి మాటకు తలూపడం తప్ప ఏం చేయగలిగాను?

ఆ ఏడే మా కాలేజీకి కొత్తగా ఒక ఏఐ వచ్చింది. మేము కేసు రాసి ఇస్తే, అది ప్రశ్నలు వేసి, ఏ రోగం కావచ్చో వరసగా చెప్పేది. తెలుగులో రాస్తే తెలుగులోనే మాట్లాడేది, కాకపోతే రేడియో వార్తల తెలుగు. నేను దానికి పంతులు అని పేరు పెట్టాను. ఒకసారి మామూలు దగ్గు కేసు ఇస్తే, మేము పుస్తకంలో తప్ప ఎక్కడా చూడని రోగాలన్నీ ఏకరువు పెట్టింది. క్లాసంతా నవ్వింది. మాకు మెడిసిన్ చెప్పే మేడం మాత్రం నవ్వలేదు. ఆమెకు ఒక పద్ధతి ఉంది. ముందు మన జాబితా మనం రాయాలి, ఎందుకు రాశామో నిలబడి చెప్పాలి, ఆ తర్వాతే యంత్రం మాట వినాలి. దాన్ని చూసి రాసినట్టు తెలిస్తే ఆరోజు బయట నిలబడాల్సిందే.

శుక్రవారం మధ్యాహ్నం నా వంతు. నేను బాపు కేసే పెట్టాను. పేరు లేదు, మా నాన్న అని చెప్పలేదు. యాభై దాటిన మగమనిషి, వచ్చిపోయే జ్వరం, చెమటలు, నడుం నొప్పి, స్కాన్‌లో ఫలానా. వృత్తి దగ్గర చేయి అలవాటుగా "వ్యాపారం" అని రాసింది. నా జాబితాలో టీబీ మొదట పెట్టాను. మేడం తలూపారు. సరే, ఇప్పుడు దాన్ని అడుగు అన్నారు.

జాబితా వస్తుందని అందరం గోడ మీది తెర వైపు చూస్తున్నాం. జాబితా రాలేదు. ఒక ప్రశ్న వచ్చింది.

"రోగి ఏ వ్యాపారం చేస్తారు?"

గల్లీ డాక్టరు అడగలేదు, అడిగే అవసరం ఆయనకు లేదు, ఆయన టీలో పడేవి మా పాలే. ఎముకల డాక్టరు అడగలేదు. ల్యాబువాళ్లు అడగలేదు. కారోబార్ అనగానే అందరూ మర్యాదగా రాసుకుని ముందుకు పోయారు. నేను "పాల వ్యాపారం, ఇంట్లో బర్రెలున్నాయి" అని టైపు చేశాను.

వెంటనే ఇంకో మూడు ప్రశ్నలు వచ్చాయి. ఈ మధ్య ఏ పశువుకైనా నెలలు నిండకముందే దూడ పడిపోయిందా? పడిపోతే దాన్ని చేతులతో బయటికి తీసింది ఎవరు? రోగికి కాచని పాలు తాగే అలవాటుందా?

వానాకాలంలో మా కొమ్ము విరిగిన బర్రెకు దూడ ముందే పడిపోయింది. బాపు మోచేతి దాకా చేయి పెట్టి లాగాడు, నేను పక్కన నిలబడి వేడినీళ్లు అందించాను. ఆ రోజు కొట్టంలో బాపు, నేను, ఆ బర్రె తప్ప ఇంకెవరూ లేరు. ఎక్కడో ఉన్న యంత్రం, బర్రె వాసన తెలియనిది, పాల రుచి తెలియనిది, మా కొట్టం గుమ్మంలో నిలబడి చూసినట్టు అడుగుతోంది. గుడిలో హారతి ఇచ్చేటప్పుడు కూడా నాకు అంత దడ ఎప్పుడూ పుట్టలేదు.

దూడను తీసింది రోగేనని, మిగతా రెండిటికీ అవునని రాశాను. అప్పుడు జాబితా ఇచ్చింది. మొదట బ్రుసెల్లోసిస్, పక్కనే టీబీ. పశువుల నుంచి పచ్చిపాల ద్వారా, ఈనేటప్పుడు చేతుల ద్వారా మనిషికి అంటుకునే జ్వరం అది. వెన్నెముకలో చేరితే అచ్చం టీబీలాగే కనిపిస్తుంది, రెండిటికీ మందులు వేరు. రక్తపరీక్ష చేయకుండా ఏదన్నదీ తేల్చలేనని కింద రాసింది. ఈ రోగం గురించి నేను చదవలేదా? చదివాను. పరీక్షకు ఒక పేరా బట్టీ పట్టాను. ఆ పేరాలోని పశువు మా ఇంటి వెనక నెమరేస్తున్న బర్రే అని మాత్రం తట్టలేదు.

"వ్యాపారం అని చదివి, నేనూ ఏ బట్టల కొట్టో అనుకున్నాను," అన్నారు మేడం. "అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదు. అడగకుండా రోగం బయటపడుతుందా?" తర్వాత నా వైపు తిరిగారు. "ఈ పేషెంట్ నీకేమవుతారు?"

"మా బాపు, మేడం," అన్నాను. అంతమంది ముందు ఏడ్చేశాను.

"యంత్రం చెప్పిందని మందు వెయ్యను. రక్తం చెప్పాలి. రేపు పొద్దున తీసుకురా," అన్నారామె.

శనివారం రక్తం ఇచ్చాం. ఆదివారం బేరగాడు ఇంటికి రానే వచ్చాడు. కొట్టంలో తిరిగి, బర్రెల పళ్లు చూసి, పొదుగులు చూసి, తాడు చేత్తో పట్టుకున్నాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఏంది బిడ్డా ఈ లొల్లి?" అన్నాడు బాపు. "మిషన్ ఏదో అడిగిందని బేరం ఇడిసిపెట్టాల్నా?"

"రక్తం రిపోర్ట్ వచ్చేదాక ఆగు బాపూ. టీబీ అయితే నేనే తాడు ఇప్పి ఇస్త."

బాపు నా ముఖంలోకి చూశాడు. ఏం చూశాడో తెలియదు గానీ, బేరగానితో, "మల్ల జెప్త భాయ్, ఇయ్యాల పో," అన్నాడు.

రిపోర్టు వచ్చిన రోజు మేడమే ఫోన్ చేశారు. బ్రుసెల్లానే. సూదితో ముక్క తీసే పని లేదు. మందులు నెలల తరబడి వాడాలి, కానీ నయమవుతుంది. ఆ "నయమవుతుంది" అన్న మాట నేను మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాను.

ఇంట్లో చెప్పడం మాత్రం కష్టమైంది. పచ్చిపాల సంగతి వినగానే అమ్మ నేల మీద చతికిలబడింది.

"నేనే తాపిన గదనే," అంది. "బలమొస్తదని నా చేతుల్తోనే తాపిన."

"అందరం తాగినం అమ్మా. ఎవలకు ఎరుకనే?" అన్నాను. మా ఇద్దరి రక్తం కూడా చూపించాం, మాకేమీ లేదు. పశువుల డాక్టరు వచ్చి బర్రెలన్నిటికీ పరీక్ష చేసి, కొమ్ము విరిగినదాన్ని వేరు చేయించాడు. అప్పటి నుంచి మా ఇంట్లో కాచని పాలు గొంతు దిగలేదు.

బాపు ఒక్కసారిగా కోలుకోలేదు, అన్నాళ్లూ అమ్మే వచ్చినన్ని పాలు పిండింది. ముందు చెమటలు ఆగాయి, తర్వాత అన్నం సయించింది. చాలా నెలల తర్వాత, ఒక పొద్దున గదిలో చదువుకుంటున్న నాకు కొట్టంలోంచి బకెట్‌లో పాలు పడే చప్పుడు వినిపించింది. అది అమ్మ చేయి కాదు, ఆ ధార వేరు. పరుగెత్తుకెళ్లి చూస్తే బాపు గొంతుకూర్చుని ఉన్నాడు. బర్రె హాయిగా చేపుతోంది.

పని అయ్యాక బాపు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అవునుగని బిడ్డా, ఆ మిషన్‌కు గివన్ని ఎవలు నేర్పిన్రు?"

"రోగం వచ్చినోళ్ల గురించి డాక్టర్లు ఏడేడనో రాసి పెట్టిన్రు బాపూ. అవన్ని సదివి నేర్సుకుంది."

"అంటె నా లెక్కనే నడుము వట్టుకొని ఏడ్సినోళ్లు నాకంటె ముందుగాల మస్తుమంది ఉన్నరన్నట్టు."

"ఉన్నరు."

"అండ్ల కొందరు బతికిన్రో లేదో గూడ తెల్వది." బాపు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అప్పటిదాకా నేను ఆ యంత్రాన్ని చూసి అబ్బురపడ్డాను. దాని వెనక మంచాల మీద పడుకున్న ఆ మనుషులు నాకు కనిపించింది ఆ క్షణంలోనే.

"నాది గూడ రాయించు బిడ్డా," అన్నాడు. "ఏడనో ఇంకొకడు పండుకొనే ఉంటడు."

నాకు కన్నీళ్లు ఆగలేదు. పక్కన కూర్చుని, మొదటి రోజు నుంచి చెప్పు బాపూ అన్నాను.