చదవని చీటీ

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. మా చర్చి ఆడవాళ్ళ కూటం స్త్రీల మైత్రిలో ఎవరికైనా కలలో దేవదూత కనపడ్డాడంటే, పడుకునేముందు ఏం తిన్నావమ్మా అని అడిగే రకం నేను. నా నోటికి జడిసి నా ముందు అలాంటివి చెప్పడం మానేశారు కూడా. ఇప్పుడు నేనే కూర్చుని ఇది రాస్తున్నాను.

మాది వినుకొండ దగ్గర చిన్న ఊరు. మా బిషప్‌గారి డయాసిస్‌లో ఓ మూలనున్న చర్చి సంఘం. మిరప, పత్తి వేసేవాళ్ళే ఎక్కువ. రిటైరయ్యాక గుళ్ళో ప్రార్థన చీటీలు చదివే పని నాకు అప్పగించారు. ఎవరికి ఏ కష్టం వచ్చినా ఒక చీటీ మీద రాసి, కింద తమ పేరు పెట్టి, గుమ్మం దగ్గరి డబ్బాలో వేస్తారు. ఆరాధన మధ్యలో నేను నిలబడి ఒక్కొక్కటీ చదువుతాను. అందరూ మోకరించి ప్రార్థిస్తారు.

దీనికో నియమం ఉంది. మేము చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యం. ఒకసారి ఎవరో పోయిన తండ్రి ఆత్మశాంతికని చీటీ వేస్తే, నాకు ముందు ఈ పని చేసినాయన చూసుకోకుండా చదివేశాడు. పెద్ద గొడవైంది. ఫిర్యాదు బిషప్‌గారి దాకా పోయింది. పోయినవాళ్ళ పేరు ఏ చీటీలో కనపడినా పక్కన పెట్టెయ్యమని మా పాస్టరు అయ్యగారు నాకు మొదటిరోజే గట్టిగా చెప్పారు.

మా సంఘంలోని మరియమ్మకు చదువు రాదు. ప్రతి ఆదివారం గుడి అరుగు మీద నా పక్కన కూర్చుని నాతోనే చీటీ రాయించుకునేది. మా ఇంట్లో రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉంటుంది. ఆ కాగితాలు వెనకవైపు తెల్లగా ఉంటాయని, చింపినవన్నీ సంచిలో వేసుకొచ్చేదాన్ని. ఆమె చెప్పేది ఎప్పుడూ ఒకటే మాట.

"మా దానియేలు చెయ్యి పట్టుకోమని దేవుణ్ణి అడగండి."

దానియేలు ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే. వాడికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టినా ఆమెది అదే మాట. ఇంకెన్నాళ్ళు పట్టుకోవాలే, దేవుడికి చెయ్యి నొప్పి పుట్టదా అని ఏడిపించేదాన్ని. నవ్వేది గానీ ఒక్క ముక్క మార్చనిచ్చేది కాదు.

పోయినేడు వేసవిలో మరియమ్మ చనిపోయింది. సమాధి దగ్గర పాట నేనే ఎత్తుకున్నాను.

ఆ ఏడాదే దానియేలు మిరప తోటకు నల్ల తామర పురుగు పట్టింది. పీకేసి మళ్ళీ నాటాడు. అదీ ముడుచుకుపోయింది. మనిషి ఎవరితోనూ మాట్లాడటం లేదనీ, గుడికి కూడా రావడం లేదనీ విన్నాను. విని ఊరుకున్నాను. వెళ్ళి పలకరించాల్సింది.

ఒక ఆదివారం చీటీలు సర్దుకుంటుంటే ఒకటి చేతికి తగిలింది. మా దానియేలు చెయ్యి పట్టుకోమని దేవుణ్ణి అడగండి, అని ఉంది. కింద మరియమ్మ అని ఉంది. అక్షరాలు నావే. సిరా కూడా నేను వాడే ఎర్ర పెన్నుదే.

నిజం చెప్తున్నాను, నాకప్పుడు భయం వెయ్యలేదు. పాత చీటీ డబ్బా అడుగున ఎక్కడో ఇరుక్కుని ఇప్పుడు బయటపడిందనుకున్నాను. పోయిన మనిషి పేరుతో చదివితే మళ్ళీ గొడవ. దాన్ని బైబిల్లో పెట్టేసి మిగతావి చదివాను.

ఆ రోజు దానియేలు గుడికి వచ్చాడు. ఆఖరి వరుసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. అందరూ మోకరించినా వాడు మోకరించలేదు. నేను చదువుతున్నంతసేపూ నా వైపే చూశాడు. చీటీలు అయిపోగానే లేచి వెళ్ళిపోయాడు. ఇన్ని నెలలకు వచ్చి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకు కూడా ఆగలేదు, ఏం మనిషి వీడు అని మనసులో తిట్టుకున్నాను.

ఆ సాయంత్రం పొలంలో పురుగుమందు తాగాడు. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడో రోజు పోయాడు.

మందు తాగాడన్న కబురు వినగానే బైబిల్లోంచి ఆ చీటీ తీసి వెనక్కి తిప్పాను. అది ముందు రోజు క్యాలెండరు కాగితం. శనివారానిది. మరియమ్మ పోయి అప్పటికి తొమ్మిది నెలలు.

అయ్యగారికి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, అలవాటుకొద్దీ మీరే రాసి డబ్బాలో వేసి మరిచిపోయి ఉంటారమ్మా, వాడి సంగతి మీ మనసులో ఉంది కదా అన్నారు. నాకు మతిమరుపు లేదు. అయినా వయసు మీద పడింది, అయ్యుండొచ్చులే అని ఆ మాట పట్టుకునే వేలాడాను.

వారం తిరిగాక వాళ్ళింట్లో ఆదరణ కూడిక పెట్టారు. ప్రార్థన అయి అందరూ వెళ్ళిపోయాక, దానియేలు భార్య సువార్త వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ శనివారం పొద్దున లేస్తూనే, అమ్మ కలలోకి వచ్చిందే అన్నాడట వాడు. రేపు గుళ్ళో నీ పేరు చదువుతారు, వెళ్ళు అందట. నా పేరు ఎవరిస్తార్లే అంటూనే, ఆదివారం చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ బయల్దేరాడట.

గుడి నుంచి వచ్చాక ఏమన్నాడని అడిగాను. ఎందుకడిగానో.

"చదవలేదే, అన్నాడండి టీచరుగారూ. అంతే."

ఆ చీటీ సంగతి నాకూ అయ్యగారికీ తప్ప ఎవరికీ తెలియదు. సువార్త చెప్పింది ఆయనకు చెప్తే తల వంచుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

చదివే పని వేరేవాళ్ళకు ఇప్పించేశాను. సువార్త ప్రతి ఆదివారం ఎదురొచ్చి, వందనాలు టీచరుగారూ అంటుంది. నేను తల తిప్పుకుని గబగబా వెళ్ళిపోతాను. ఆ పిల్లకు ఇంతవరకూ చెప్పలేదు, చెప్పే ధైర్యం నాకు లేదు.

నేనే మతి లేకుండా రాశాననుకుంటే వాడి కల ఏమిటి? ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఆ చీటీ ఎవరు రాశారో నాకు ఈరోజుకీ తెలియదు. చదవనిది మాత్రం నేనే.