క్లారీ నోట్లో రెండు బిస్కట్లు

క్లారీ హాబ్‌డే ముప్ఫై ఏళ్లకు పైగా క్వీన్స్‌లాండ్‌లోని ఇన్నిస్‌ఫెయిల్ వైపు చెరకు రైలు నడిపాడు. రైలుకు స్టీరింగ్ ఉండదు. పట్టాలు ఎటు పోతే తనూ అటే పోయేవాడు. అలాంటి మనిషి రిటైరయ్యాక హాయిగా చేపలు పట్టుకోవాలి. ఈయన కారవాన్ కొన్నాడు, కారుకు తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు.

ముందుకు వెళ్లినంతసేపూ బాగానే నడుపుతాడు. గొడవంతా మేమంతా ఏటా సెలవులకు దిగే సరస్సు దగ్గరికి వచ్చి, అడవి అంచున తనకిచ్చిన చోటులోకి బండిని వెనక్కి పోనిచ్చేటప్పుడే. కారు స్టీరింగ్ ఎడమకు తిప్పితే వెనక తగిలించిన కారవాన్ కుడికి పోతుంది. ఈ సంగతి క్లారీకి తెలుసు, ఆయన చేతులకే తెలియదు. వెనక నిలబడి సైగలు చేసే పని భార్య మెర్ల్‌ది. ఏటా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి ఆవిడ మీద విరుచుకుపడేవాడు.

ఇక్కడ టీవీ సరిగ్గా రాదు. అందుకని కొత్త బండి గేటు దాటితే చాలు, అందరం మడతకుర్చీలు అటు తిప్పుకుని కూర్చుంటాం. అది మర్యాద కాదని నాకూ తెలుసు. నా కుర్చీ ముందు వరుసలో ఉంటుంది, అది వేరే విషయం.

ఈసారి కారు ఆగగానే మెర్ల్ దిగి, అందరికీ వినబడేలా చెప్పింది.

"క్లారీ, ఇంతమంది ముందు చెప్తున్నా. నా మీద ఒక్కసారి అరిచావో, ఈ డబ్బా అమ్మేయడమే. నేను మా చెల్లెలితో ఓడెక్కి న్యూజిలాండ్ చూసొస్తా. నువ్వు ఇంట్లో కూచుని గోడలు చూసుకో!"

"నేనెప్పుడరిచానే నీ మీద?" అని అరిచాడు క్లారీ.

"అదిగో!" అన్నాడు నా పక్క కుర్చీలోని వాల్.

"అది వదిలేస్తున్నా," అంది మెర్ల్. "ఇప్పట్నించి చూస్తా."

క్లారీ మొహం పాలిపోయింది. ఆ కారవానంటే ఆయనకు ప్రాణం. దాని తలుపు పిడిని కూడా తుడిచి మెరిపిస్తుంటాడు. ఏడాదంతా ఈ సరస్సు గురించే కబుర్లు చెబుతాడట. నాకు జాలేసింది, కాసేపే.

తన నోటి మీద తనకే నమ్మకం లేక, మెర్ల్ చేసిన ఓట్స్ బిస్కట్లు రెండు తీసి ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు. మెర్ల్ బిస్కట్లతో గోడ కట్టొచ్చు. పైగా కారు అద్దాలు కూడా ఎక్కించాడు.

మెర్ల్ ఎడమకు రమ్మంది, వచ్చాడు. ఆపమంది, ఆపాడు. మేం నిరాశపడ్డాం.

అంతలో తడి గడ్డిలోంచి ఓ జలగ ఆవిడ ప్యాంటులోకి దూరింది. ఇక చూడాలి ఆవిడ అవస్థ! ఒంటికాలి మీద గెంతింది, తొడ మీద చరుచుకుంది, ఒక చెయ్యి అటు విసిరి, ఇంకో చెయ్యి ఇటు విసిరింది. ఇదివరకైతే "అదేం సైగే, మతి పోయిందా!" అనేవాడు క్లారీ. ఇప్పుడు నోరు ఖాళీ లేదు. ఆవిడ ఎలా ఊపితే అలా తిప్పాడు. కారవాన్ తాగినవాడిలా తూలుతూ వెనక్కి వచ్చింది.

"జలగ! జలగ!" అని మెర్ల్ కేకలు. అద్దాల వెనక ఆయనకేం వినబడుతుంది?

చివరికి జలగను పీకి, గెలిచినట్టు రెండు చేతులూ పైకెత్తిందావిడ. క్లారీ బ్రేకు వేశాడు.

కారవాన్ తన చోటులోనే ఆగింది, కాకపోతే అడ్డంగా. ఇన్నేళ్లూ వాళ్ల తలుపు మరుగుదొడ్ల వైపే తెరుచుకునేది. ఇప్పుడు తలుపు తీస్తే ఎదురుగా నీళ్లే. నా కుర్చీలోంచి మాత్రం ఇక సరస్సు కనబడదు, వాళ్ల బండి గోడ కనబడుతుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

క్లారీ దిగాడు. తలుపు చూశాడు, నీళ్లు చూశాడు, మెర్ల్‌ని చూశాడు. నోట్లోది ఉమ్మేసి, ఒడ్డునున్న బాతులన్నీ లేచిపోయేలా గొంతెత్తాడు.

"మెర్ల్! నీ అంత మొనగత్తె క్వీన్స్‌లాండ్ మొత్తంలో లేదే!"

కుర్చీలన్నీ మెర్ల్ వైపు తిరిగాయి.

"అరిచాడు," అన్నాన్నేను. బండి అమ్ముడుపోతే నా సరస్సు నాకొస్తుంది మరి. "మెర్ల్, నీ మీదే అరిచాడు. మేమంతా విన్నాం!"

క్లారీ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. కళ్లల్లో నీళ్లొక్కటే తక్కువ. మెర్ల్ ఆయన దగ్గరికి వెళ్లి, గడ్డం మీది బిస్కట్ పొడి దులిపింది.

"నాకు సరిగ్గా వినబడలేదు," అంది. "ఇంకోసారి అరిచి చెప్పు."